అమ్మమ్మ గొంతు ఎక్కడ దాచాలి?

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

నాకన్నా ముందు మాట్లాడిన పెద్దలు భూమి గురించి, చదువు గురించి, ఉద్యోగాల గురించి చెప్పారు. నేను చెప్పబోయేది అరచేతిలో పట్టే వస్తువు గురించి. ఇంట్లోని కంప్యూటర్‌లో ఉన్న పాటలు, ఫొటోలు, కాగితాలు పోకుండా బయట ఇంకోదాంట్లో దాచుకోవాలంటే ఏది కొనాలి, ఎలా వాడాలి, ఎక్కడ పెట్టాలి అన్నదే నా విషయం. "పండుగ పూట ఈ డబ్బాల ముచ్చటేంట్రా?" అని మా బాబాయి నిన్ననే అడిగాడు. ఎందుకో ముందు అది చెప్తాను.

మా అమ్మమ్మ రేల పాటలు పాడేది. భూమి పండుగకు ఒక తీరు, పెళ్లికి ఒక తీరు, మనిషి పోయినప్పుడు ఒక తీరు. నేను డిగ్రీ చదివే రోజుల్లో సెలవులకు ఊరికి పోయినప్పుడల్లా ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేసేవాణ్ణి. మూడేళ్లు చేశాను. పాత ల్యాప్‌టాప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. విండోస్ వేస్తే అది నడవలేక నడిచేది. లినక్స్ మింట్ వేసుకున్నాక చక్కగా నడిచింది. పాటలన్నీ అందులోకి ఎక్కించాను. ఫోన్ నిండిపోయింది కాబట్టి ఫోన్‌లో చెరిపేశాను. జాగ్రత్త కోసమని సంతలో ఒక పెన్‌డ్రైవ్ కొని అందులోకి కూడా కాపీ చేశాను. పేరు మీద 512 జీబీ అని రాసి ఉంది, ధర చాలా తక్కువ. మంచి బేరం దొరికిందని సంబరపడ్డాను.

ఒక వేసవి సాయంత్రం ఉరుములతో వాన పట్టింది. ల్యాప్‌టాప్ చార్జింగ్‌కు పెట్టి ఉంది. ఊళ్లో పిడుగు పడింది. మా ఇంట్లో ఫ్యాను, టీవీ, ల్యాప్‌టాప్ మూడూ పోయాయి. ల్యాప్‌టాప్ తీసుకుని పట్నం పోతే, లోపలి డిస్క్‌ను ఏ కంప్యూటరూ గుర్తుపట్టలేదు. పోతే పోయింది, పెన్‌డ్రైవ్ ఉంది కదా అనుకున్నాను. పెన్‌డ్రైవ్ పెడితే ఫైళ్ల పేర్లన్నీ కనిపించాయి. కానీ మొదటి కొన్ని పాటలు తప్ప ఏదీ మోగలేదు. అప్పటికి అమ్మమ్మ పోయి ఏడు నెలలు.

మిగిలినవి పదకొండు పాటలు. అవి కూడా నా తెలివితో మిగలలేదు. మా చిన్నమ్మ కూతురు "అన్నా, అమ్మమ్మ పాటలు పంపవా" అని అడిగితే ఎప్పుడో ఫోన్‌కు పంపినవి. వేరే ఊళ్లో, వేరే మనిషి దగ్గర, వేరే వస్తువులో ఉన్నాయి కాబట్టి బతికాయి. ఇప్పుడు నేను చెప్పేదంతా ఆ ఒక్క మాటకు వివరణే అనుకోండి.

తమ్ముళ్లారా, మన మాట ఎక్కువగా నోటి మీదే బతికింది. ఇలవేల్పుల కథలు, గట్టు గోత్రాల కథలు డోలీలు పాడితేనే మనకు తెలిశాయి. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు కంచుమేళంతో మన వీరుల కథలను గుండెల్లోంచే పాడారు, పుస్తకం చూసి కాదు. ఇంకో సంగతి చూడండి. హైమండార్ఫ్ అనే పరిశోధకుడు 1940లలో మన కొండల్లో, ఆదిలాబాద్ అడవుల్లో తిరిగాడు. కొండరెడ్ల మీద ఆయన రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. ఆయన తీసిన ఫొటోలు, కాగితాలు లండన్‌లోని సోయస్ అనే విశ్వవిద్యాలయ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఎనభై ఏళ్ల కిందటి మన తాతల ముఖాలు లండన్‌లో దొరుకుతాయి. మొన్నటి ఏడాది మనమే మన ఫోన్‌లో తీసిన అవ్వ పాట మాత్రం మన ఇంట్లో దొరకదు. ఐక్యరాజ్యసమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దం అని ప్రకటించింది. మంచిదే. కానీ మన ఇంట్లో పాట నిలబెట్టే పని ఐక్యరాజ్యసమితి వచ్చి చేయదు.

ఇక అసలు విషయం.

బ్యాకప్ అంటే ఏది, ఏది కాదు

ఫోన్‌లోంచి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఫోన్‌లో చెరిపేస్తే అది బ్యాకప్ కాదు. చోటు మార్చడం. అప్పుడూ ఒక్కటే ఉంది, ఇప్పుడూ ఒక్కటే ఉంది. బ్యాకప్ అంటే అసలు ఉండగానే ఇంకోటి ఉండటం.

ఫొటోగ్రాఫర్లు ఒక లెక్క పాటిస్తారు. పీటర్ క్రోఘ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ వల్ల అది బాగా ప్రచారంలోకి వచ్చింది. మూడు, రెండు, ఒకటి. అసలుతో కలిపి మూడు కాపీలు ఉండాలి. రెండు వేరువేరు రకాల వస్తువుల్లో ఉండాలి. అందులో ఒకటి వేరే చోట ఉండాలి. నా దగ్గర అప్పుడు రెండు కాపీలే ఉన్నాయి. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. అందులో ఒకటి దొంగది.

కొనే ముందు కొలత

దుకాణానికి పోయే ముందు మన దగ్గర ఎంత సరుకు ఉందో చూసుకోవాలి. గింజలెన్నో తెలియకుండా గాదె కట్టం కదా.

ఫోన్‌లో మామూలుగా రికార్డు చేసిన మాట గంటకు 60 ఎంబీ దగ్గర ఉంటుంది. మంచి రికార్డర్‌తో, నాణ్యత తగ్గించకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియోలో తీస్తే గంటకు 1 జీబీ పైన అవుతుంది. ఫోన్ వీడియో ఫుల్ హెచ్‌డీలో గంటకు సుమారు 8 జీబీ పడుతుంది. ఫొటో ఒకటి 4 ఎంబీ అనుకోండి.

ఒక ఇంటి లెక్క వేద్దాం. వేవ్ పాటలు 60 గంటలు, అంటే 62 జీబీ. వీడియోలు 20 గంటలు, 160 జీబీ. ఫొటోలు పదివేలు, 40 జీబీ. కుల ధ్రువపత్రాలు, పట్టా కాగితాలు, మార్కుల మెమోలు స్కాన్ చేసినవి 5 జీబీ కూడా కావు. మొత్తం 270 జీబీ లోపే. రేపు ఇంకా పెరుగుతుంది, పాత కాపీలకు కూడా చోటు కావాలి. కాబట్టి ఉన్నదానికి రెండింతలు, మూడింతలు చోటు చూసుకోవాలి. మన లాంటి ఇళ్లకు 1 టీబీ సరిపోతుంది. 1 టీబీ అని రాసినదాన్ని కొన్ని కంప్యూటర్లు 931 అని చూపిస్తాయి. అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు.

పెన్‌డ్రైవ్, మెమొరీ కార్డు

ఇవి మోసుకుపోవడానికి మంచివి, దాచడానికి కాదు. వీటిలో ఫ్లాష్ అనే చిప్పు ఉంటుంది. సమాచారమంతా అందులో సన్నటి విద్యుత్ ఆవేశంగా నిలబడి ఉంటుంది. కరెంటు తగలకుండా ఏళ్లకేళ్లు పెట్టెలో పడేస్తే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా కారుతుంది. మన దగ్గర మే నెలలో రేకుల ఇంట్లో ఎంత వేడి ఉంటుందో మీకు చెప్పాలా?

రెండో ప్రమాదం దొంగ సరుకు. నాకు జరిగింది ఇదే. లోపల ఉన్న చిప్పు చిన్నది. కంప్యూటర్‌తో మాత్రం "నేను 512 జీబీ" అని చెప్పేలా దాన్ని మార్చి అమ్ముతారు. అసలు చోటు నిండేదాకా ఫైళ్లు బాగానే పడతాయి. ఆ తర్వాత పడేదంతా గాలిలో కలుస్తుంది, లేదా పాతదాని మీదే రాసుకుంటుంది. ఫైళ్ల పేర్ల పట్టిక మొదట్లోనే ఉంటుంది కాబట్టి పేర్లన్నీ కనిపిస్తాయి. తెరిస్తే ఏమీ ఉండదు.

లినక్స్‌లో దీనికి ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో పేరు కొడితే దొరుకుతుంది. అది డ్రైవ్ నిండా పరీక్ష ఫైళ్లు రాసి, మళ్లీ చదివి, రాసింది రాసినట్టు ఉందో లేదో చెబుతుంది. కొత్త పెన్‌డ్రైవ్, కొత్త కార్డు ఏది కొన్నా ఒక్క ఫైలు పెట్టకముందే ఈ పరీక్ష చేయండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకు అయిపోతుంది. నేను ఆ ఒక్క రాత్రి ఖర్చు పెట్టి ఉంటే ఈ రోజు మీ ముందు వేరే కథ చెప్పేవాణ్ణి.

డీవీడీ

కొందరు పెద్దవాళ్లు ఇప్పటికీ డీవీడీ మంచిదంటారు. అందులో ఒక నిజం ఉంది. ఒకసారి రాస్తే చెరపలేం, పొరపాటున కూడా మీద రాయలేం. కానీ ఒక డీవీడీలో పట్టేది 4.7 జీబీ. మనం లెక్కేసిన 270 జీబీకి 58 డీవీడీలు కావాలి. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో వాటిని పెట్టే చోటే లేదు. మామూలు డీవీడీలో రంగు పొర మీద రాస్తారు, ఎండకు, వేడికి అది పాడవుతుంది. చాలా ముఖ్యమైన పది పాటలు రాసి పెట్టుకుంటే సరే. ఇంటి మొత్తానికి ఇది దారి కాదు.

పోర్టబుల్ హార్డ్ డిస్క్

ఇదే నా సిఫారసు. జేబులో పట్టేది, యూఎస్‌బీ తీగతోనే నడిచేది. జీబీకి పడే ధర చూస్తే ఎస్‌ఎస్‌డీకన్నా చవక. ఇందులో సమాచారం అయస్కాంతం రూపంలో ఉంటుంది కాబట్టి బీరువాలో కరెంటు లేకుండా ఉన్నా ఫ్లాష్‌లాగా కారిపోదు.

దీని బలహీనత ఒకటే, దెబ్బ. లోపల అద్దం లాంటి పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది. దాని మీద వెంట్రుకకన్నా ఎంతో సన్నని ఎడంలో చదివే ముల్లు తేలుతుంటుంది. తిరుగుతుండగా కింద పడితే ముల్లు పళ్లేన్ని గీరేస్తుంది. కాబట్టి నడుస్తుండగా కదపకూడదు, మంచం అంచున పెట్టకూడదు, పిల్లలకు అందకూడదు. బస్సులో తీసుకుపోతే మెత్తటి గుడ్డలో చుట్టి సంచి మధ్యలో పెట్టాలి.

సాలిడ్ స్టేట్ డ్రైవ్

ఎస్‌ఎస్‌డీ అంటారు. ఇందులో తిరిగేవి ఏవీ లేవు. కింద పడినా తట్టుకుంటుంది, చాలా వేగంగా ఉంటుంది. ఊరూరా తిరిగి రికార్డు చేసేవాళ్లకు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు మంచిది. ధర ఎక్కువ. పైగా ఇది కూడా ఫ్లాషే. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం ప్రకారం మామూలు వాడుక ఎస్‌ఎస్‌డీ, రాసి రాసి ఆయువు తీరిపోయాక కూడా, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు సమాచారం నిలపాలి. కొత్తది ఇంకా ఎక్కువ కాలం నిలుపుతుంది. అయినా ఏళ్ల తరబడి పెట్టెలో మరిచిపోవడానికి ఇది తగిన వస్తువు కాదు. రోజూ వాడేవాళ్లకు ఎస్‌ఎస్‌డీ, దాచుకునేవాళ్లకు హార్డ్ డిస్క్ అని గుర్తుపెట్టుకోండి.

మొత్తంగా నా మాట ఇది. పెద్ద డిస్క్ ఒకటి కొనే డబ్బుంటే, దానికి బదులు చిన్నవి రెండు కొనండి. ఒక్క 2 టీబీ కన్నా రెండు 1 టీబీలు మేలు. రెండూ ఒకే కంపెనీవి, ఒకే రోజు కొన్నవి కాకపోతే ఇంకా మంచిది. ఒక తయారీలో లోపముంటే రెండోదానికి అంటకుండా ఉంటుంది. ఒక్కరికి భారమైతే అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు కలిసి తలా ఒకటి కొనండి.

యూఎస్‌బీ సంగతి కూడా చూసుకోండి. పాత యూఎస్‌బీ 2 రంధ్రంలో సెకనుకు 35 ఎంబీ దాకా వస్తుంది. 270 జీబీ ఎక్కడానికి రెండు గంటల పైన పడుతుంది. యూఎస్‌బీ 3 అయితే హార్డ్ డిస్క్‌తో ముప్పావు గంటలో అయిపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో యూఎస్‌బీ 3 రంధ్రం లోపల నీలం రంగులో ఉంటుంది. కరెంటు పోయి వచ్చే ఊళ్లలో ఈ తేడా పెద్దదే.

ఫార్మాట్ ఏది?

కొత్త డిస్క్ సాధారణంగా విండోస్ కోసం ఫార్మాట్ చేసి వస్తుంది. అలాగే లినక్స్‌లో పెట్టినా పనిచేస్తుంది. కానీ ఫ్యాట్32 అయితే 4 జీబీకన్నా పెద్ద ఫైలు పట్టదు. గంట వీడియో సగంలో ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్‌కు ఆ ఇబ్బంది లేదు, ఫోన్లూ, విండోస్, లినక్స్ అన్నీ చదువుతాయి. కానీ లినక్స్‌లో ప్రతి ఫైలుకూ యజమాని ఎవరు, ఎవరు తెరవొచ్చు అనే గుర్తులుంటాయి. ఎక్స్‌ఫ్యాట్ వాటిని నిలపదు.

కాబట్టి దాచుకునే రెండు డిస్క్‌లను ఈఎక్స్‌టీ4లో ఫార్మాట్ చేయండి. అది లినక్స్ సొంత పద్ధతి. మెనూలో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, అందులో చేయొచ్చు. ఒక్క జాగ్రత్త. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది. ఏ డిస్క్ ఎంచుకున్నారో పేరు, సైజు రెండుసార్లు చూసి నొక్కండి. ఇతరులకు పాటలు ఇవ్వడానికి మాత్రం ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్ వాడండి.

"విండోస్ వాళ్లు ఈఎక్స్‌టీ4 చదవలేరు కదా, రేపు నా ల్యాప్‌టాప్ పోతే?" అని అడుగుతారు. దానికీ పెన్‌డ్రైవే జవాబు. లినక్స్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకుంటే, ఎవరి కంప్యూటర్‌నైనా ఆ పెన్‌డ్రైవ్‌తో స్టార్ట్ చేసి మీ డిస్క్ తెరవొచ్చు. వాళ్ల కంప్యూటర్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. డిస్క్ పక్కనే ఆ పెన్‌డ్రైవ్ కూడా ఉంచండి.

ఏ ప్రోగ్రామ్‌తో?

లినక్స్‌లో బ్యాకప్ ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి, అన్నీ ఉచితమే. పేర్లు విని కంగారు పడొద్దు. టైమ్‌షిఫ్ట్ అనేది సిస్టమ్‌ను వెనక్కి తిప్పడానికి. మీ పాటలను అది మామూలుగా ముట్టుకోదు. అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. డెజా డూప్ చాలా సులువు, కానీ తన సొంత పద్ధతిలో మూటకట్టి దాస్తుంది, విప్పాలంటే మళ్లీ అదే ప్రోగ్రామ్ కావాలి.

నేను వాడేది బ్యాక్ ఇన్ టైమ్. అది ఏ రోజు కాపీని ఆ రోజు ఫోల్డర్‌లో, మామూలు ఫైళ్లలాగే ఉంచుతుంది. మారని ఫైళ్లకు మళ్లీ చోటు తీసుకోదు. ఆ కిటుకు బాగా నడవడానికి కూడా ఈఎక్స్‌టీ4 కావాలి. దీని లోపల పనిచేసేది ఆర్‌సింక్ అనే పాత, నమ్మకమైన ప్రోగ్రామ్.

పాత తేదీల కాపీలు ఎందుకంటే, ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగే పద్ధతి అయితే పొరపాటు కూడా కాపీ అవుతుంది. ఈ రోజు తెలియక ఒక ఫోల్డర్ చెరిపారు. రాత్రి డిస్క్ పెట్టగానే అందులోనూ పోయింది. అద్దంలో బొమ్మ మనం కదిలితే కదులుతుంది. మనకు కావాల్సింది అద్దం కాదు, జ్ఞాపకం.

పని అయ్యాక డిస్క్‌ను లాగేయొద్దు. లినక్స్ రాసినట్టు చూపించినా కొంత ఇంకా మెమొరీలోనే ఉంటుంది. ముందు ఎజెక్ట్ నొక్కండి. "ఇప్పుడు తీయొచ్చు" అన్నాకే తీయండి. తీశాక మళ్లీ ఊరికే తగిలించి ఉంచొద్దు. తగిలించి ఉన్న డిస్క్‌కు కంప్యూటర్‌కు పడిన పిడుగే పడుతుంది.

ఎక్కడ పెట్టాలి?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. భద్రాచలం దగ్గర గోదావరి 1986లో 75.6 అడుగులకు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ జులైలో సామాన్లు నెత్తిన పెట్టుకుని పునరావాస కేంద్రాలకు నడిచినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అలాంటి రాత్రి రెండు డిస్క్‌లూ ఒకే బీరువాలో ఉంటే, రెండు కాదు, ఒక్కటి కూడా లేనట్టే.

కాబట్టి ఒకటి మీ ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో. ఏటి ఒడ్డున మీ ఇల్లుంటే గట్టు మీది ఊళ్లో మేనమామ ఇంట్లో పెట్టండి. రేకుల కింద అటక మీద కాదు, కింది అరలో, స్టీలు డబ్బాలో, తేమ లాగే చిన్న పొట్లాలతో పెట్టండి. మీద పేరు, తేదీ రాయండి.

ఎప్పుడెప్పుడు అంటారా? మనకు పండుగలే క్యాలెండర్. భూమి పండుగకు చుట్టాలు కలుస్తారు, కొత్తల పండుగకు కలుస్తారు. కలిసినప్పుడు డిస్క్‌లు మార్చుకోండి. మీ ఇంటిది అక్కడికి, అక్కడిది ఇక్కడికి. ఇంటికి తెచ్చిన దాంట్లోకి కొత్త పాటలు ఎక్కించండి. అప్పుడు ఏ డిస్కూ ఏళ్లకేళ్లు మూలన పడి ఉండదు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఆ ఏడు డిస్క్‌ల వయసు లెక్కచూడండి. ఐదేళ్లు దాటినదాన్ని నమ్మొద్దు, కొత్తదానిలోకి మార్చండి.

మార్చుకున్న ప్రతిసారీ ఒక్క పని తప్పకుండా చేయండి. డిస్క్‌లోంచి ఏవైనా మూడు పాటలు తీసి, చివరిదాకా వినండి. పేర్లు చూసి సరిపెట్టుకోవద్దు. నేను పేర్లు చూసే మోసపోయాను. వెనక్కి తీసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు, ఆశ.

ఇంటర్నెట్‌లో పెట్టకూడదా?

పెట్టొచ్చు, అదనంగా. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కే ఊళ్లలో 270 జీబీ పైకి పంపడం ఎంత పనో మీకు తెలుసు. నెలనెలా డబ్బు కట్టాలి, కట్టడం ఆగితే ఫైళ్లూ ఆగుతాయి. అంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకోటి ఉంది. ఆ పాట ఎవరిది?

మన ఇలవేల్పుల పడిగెలు ఎవరి చేతిలో పడితే వాళ్ల చేతిలో ఉండవు. దాచే మనిషి ఉంటాడు, దాచే చోటు ఉంటుంది, బయటికి తీసే సమయం ఉంటుంది. రికార్డు చేసిన కథకూ ఆ మర్యాద ఉండాలి. కొన్ని పాటలు అందరూ వినొచ్చు. కొన్ని ఆ గట్టు వాళ్లకే. ప్రతి రికార్డింగ్ పక్కన ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టండి. పాడినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడేది, ఎవరు వినొచ్చని వాళ్లు చెప్పారు, అవి తెలుగు అక్షరాల్లో రాయండి. యాభై ఏళ్ల తర్వాత గొంతు వినిపించినా ఎవరిదో తెలియకపోతే అది సగం పోయినట్టే.

అందరూ వినకూడనివి ఉంటే డిస్క్‌కు తాళం వేయొచ్చు. లినక్స్‌లో లక్స్ అనే ఎన్‌క్రిప్షన్ ఉంది, ఫార్మాట్ చేసేటప్పుడే అడుగుతుంది. పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేరు. మరిచిపోతే మీరు కూడా తెరవలేరు. కాబట్టి పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, ఇంట్లో నమ్మకమైన ఇద్దరు పెద్దల దగ్గర ఉంచండి. ఎవరైనా వినదగ్గ పాటలకు మాత్రం తాళం వద్దు. తాళం వల్ల పోయిన పాట కూడా పోయిన పాటే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నేను కంప్యూటర్ పండితుణ్ణి కాదు. ఒక తప్పు చేసి, దాని వల్ల నేర్చుకున్నవాణ్ణి. ఈ రోజు ఇంటికి పోయాక డిస్క్ కొనకపోయినా ఫర్వాలేదు. మీ ఫోన్‌లో మీ తాతది, అవ్వది, అత్తది ఏదైనా గొంతు ఉందేమో వెతకండి. ఉంటే ఈ రాత్రే వేరే ఊళ్లో ఉన్న మీ వాళ్లలో ఒకరికి పంపండి. డిస్క్ వచ్చే పండుగకు కొనొచ్చు. ఫోన్‌లో ఇంకా ఏమీ లేకపోతే, అవ్వ ఇంకా మంచం మీద కూర్చుని ఉంటే, ఆమె దగ్గర కూర్చోండి.

మా చెల్లెలి ఫోన్‌లో దొరికిన పదకొండు పాటలు ఇప్పుడు నాలుగు ఇళ్లలో ఉన్నాయి. పన్నెండో పాట ఒకటుంది. నాట్లప్పుడు పాడేది. మొదటి రెండు చరణాలే నాకు గుర్తున్నాయి. మిగతాది ఈ సభలో ఎవరి అవ్వకైనా వస్తే, సభ అయ్యాక నాకు కనపడండి. రికార్డర్ తెచ్చాను. రెండు డిస్క్‌లు కూడా తెచ్చాను.